లోపలి మచ్చ

పెద్దమ్మను కిందటి వారం నడివీధిలో నిలబెట్టేసి మన దారిన మనం వచ్చేశాం. ఆవిడ నిలబడింది సొంత చెల్లెలి ఇంటి ముందే. కానీ ఇంట్లో ఉండాల్సినవన్నీ రోడ్డు మీద ఉన్నాయి. మంచాలు, బీరువా, ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి, బకెట్లు, గోడ గడియారం, ఆఖరికి తలగడలు కూడా. దారినపోయేవాళ్ళు ఇల్లు మారుతున్నారు కాబోలనుకుని పక్కకు తప్పుకుని పోతున్నారు. అసలు సంగతి పెద్దమ్మ ఒక్కదానికే చూడగానే తెలిసింది. తెలియక చస్తుందా, ఇదంతా రాసింది తనే కదా!

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. పెద్దమ్మ కాలేజీలో పాత భాషలు చెప్పి రిటైరైన మనిషి. ఎవరూ తిరగెయ్యని ఒక ప్రాచీన గ్రంథంలో శుద్ధి నియమాల అధ్యాయం ఉంది. ఇంటి గోడ మీద మచ్చ కనబడితే సామానంతా బయట పెట్టాలి. పరిశీలకుడు వచ్చి చూడాలి. అనుమానం తీరకపోతే తలుపు మూసేసి, కొన్నాళ్ళాగి రెండో చూపు చూడాలి. మచ్చ అప్పటికీ ఉంటే గోడ కూల్చి ఆ రాళ్ళను ఊరి బయట పారెయ్యాలి. మూత పెట్టని పాత్రకు మైల అంటుతుంది. మట్టి పాత్రకు అంటితే కడగడం లేదు, పగలగొట్టడమే. ఇలా పేజీలకు పేజీలు. తెరిచినవాళ్ళు ఆవులించి మూసేసేవారు.

పెద్దమ్మ మాత్రం ఇది ఇంటి గురించి కాదు, మనసు గురించి అంది. మనం పోగేసుకున్న అభిప్రాయాలే ఆ సామాను. వాటిని బయట పెడితే తప్ప గోడ కనబడదు. మనకు తెలియకుండా పాకే తలపే ఆ మచ్చ. మూత లేని పాత్ర ఎరుక లేని చైతన్యం. మూసిన తలుపు అంటే మనిషి లోపలికి తిరగడం. ఈ మాటలతో ఆవిడ వేసిన చిన్న పుస్తకాన్ని చదివి కళ్ళు తుడుచుకున్నవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకడు ఆవిడ దగ్గర సాయంత్రం క్లాసులకు వచ్చిన శిష్యుడు. కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు. అందరూ కళ్ళజోళ్ళాయన అంటారు. షాపు పైగదిలో వారం వారం ఆ పుస్తకం చదివించడం మొదలుపెట్టాడు. పదిమంది చేరారు, అది మండలి అయింది. చదవడం కాస్తా ఒకరిలో ఒకరు మచ్చలు వెతకడం అయింది. మచ్చ పోనివాళ్ళు విశ్రాంతి తీసుకోవడానికని ఊరి బయట ఒక ఇల్లు కూడా వెలిసింది. మండలిలో చేరిన ఒక నర్సమ్మ అక్కడికి వెళ్ళి మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

ఆ నర్సమ్మ ఎక్కడుందని నలుగురిలో అడిగింది ఒక్కతే, పెద్దమ్మ చెల్లెలి కూతురు. ఆస్పత్రి ల్యాబులో పని చేస్తుంది. చిన్నప్పటి నుంచీ నోటికి విరామం లేదు గనక ఇంట్లో పిచ్చుక అంటారు. అడిగిన వారానికల్లా చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, పిచ్చుకకి రేపు సాయంత్రం రెండో చూపు. నువ్వు మాత్రం రావద్దు" అంది. రావద్దంటే రాకుండా ఉండే రకమైతే ఆవిడ పెద్దమ్మ ఎందుకవుతుంది?

చెల్లెలు బీరువాకీ ఫ్రిజ్‌కీ మధ్య సందులో స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో ఎవరివో కిటికీ తెరలు. వాటి అంచు కుడుతోంది. పెద్దమ్మను చూసి సూది ఆపలేదు.

"వద్దన్నా కదక్కా."

"అన్నావు. పిచ్చుక ఏది?"

"వెనక గదిలో."

"ఎన్నాళ్ళ నుంచి?"

"తనంతట తనే వెళ్ళింది. ఎవరూ తొయ్యలేదు. 'నాలో మచ్చ ఉంది, తలుపు వేసుకుంటున్నా, రెండో చూపుకి అందర్నీ పిలవండి' అని వాళ్ళ నాన్నతో చెప్పి గడియ పెట్టేసుకుంది. కిటికీలోంచి తిండీ నీళ్ళూ ఇస్తున్నా. తింటోంది. మాట్లాడదు."

పెద్దమ్మకు ఒళ్ళు మండింది. నోరు మూయడానికి బతిమాలాల్సిన పిల్ల నోరు మూసుకుని కూర్చుందంటే ఆ పిల్లను ఎంత నలిపి ఉంటారు! పైగా తనలో మచ్చ ఉందని తన నోటితోనే అనిపించారు.

"మచ్చ ఉందని తేలితే?"

"ఊరి బయటింటికి పంపిస్తారు. కొన్నాళ్ళు ప్రశాంతంగా ఉండి వస్తుంది."

"నర్సమ్మ వచ్చినట్టా?"

సూది ఆగింది. చెల్లెలు తల ఎత్తి అక్క మొహంలోకి చూసింది. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన మొహం అది. అయినా మాట మాత్రం నింపాదిగానే వచ్చింది. "నీకు తెలీదక్కా. ఆయన మండలికి వెళ్ళక ముందు ఈ ఇంట్లో కంచం ఎగరని రోజుందా? నువ్వే ఎన్నిసార్లు చూశావు! ఇప్పుడు ఆయన గొంతు లేవదు. భోజనం దగ్గర కళ్ళు మూసుకుని కూర్చుంటారు, తిని లేస్తారు. నీ పుస్తకమే చేసింది ఇదంతా. నీ పుస్తకం మంచిదని నేను నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?"

చిన్నప్పటి నుంచీ ఈ చెల్లెలికి అక్క చెప్పిందే వేదం. అక్క వద్దంటే సినిమా మానేసింది, అక్క సరేనంటే పెళ్ళి చేసుకుంది. ఆ నమ్మకం చూసి పెద్దమ్మ ఇన్నాళ్ళూ మురిసిపోయేది. ఇవాళ అదే నమ్మకం చూసి గుండె గుబేలుమంది.

"కళ్ళజోళ్ళాయన వచ్చాడా?" అంది.

"పొద్దుటి నుంచీ లోపలే ఉన్నారు. ఆ వెనక గది గుమ్మం దగ్గర కూర్చున్నారు."

ఇంట్లో అడుగు పెడితే తన అడుగుల చప్పుడు తనకే ఎదురొచ్చింది. సామాను లేని ఇల్లు ఎంత పెద్దదిగా ఉంటుందో! బీరువా ఉన్నచోట గోడ తెల్లగా, చుట్టూ రంగు మాసిపోయి ఉంది. మేకులున్నాయి గాని ఫొటోలు లేవు. వంటగదిలో గట్టు తప్ప ఏమీ లేదు, కొళాయి మాత్రం బొట్టు బొట్టుగా కారుతోంది.

వెనక గది తలుపు ముందు నేల మీద కళ్ళజోళ్ళాయన కూర్చుని ఉన్నాడు. మనిషి సన్నగా, శుభ్రంగా ఉంటాడు. చొక్కా మీద ముడత ఉండదు. పక్కన అద్దాల పెట్టె పెట్టుకుని, మెత్తటి గుడ్డతో ఎవరివో కళ్ళజోళ్ళు తుడుస్తున్నాడు. కాస్త ఎడంగా మరిది, అంటే పిచ్చుక తండ్రి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఒకప్పుడు వీధి చివర దాకా వినబడే గొంతు ఆయనది.

"రండి మేడం" అని లేచి నిలబడ్డాడు కళ్ళజోళ్ళాయన. గురువు గనక లేచాడు. ఆ మర్యాదకు లోటు లేదు.

"తలుపు తీయించు బాబూ" అంది పెద్దమ్మ.

"నేను వేయలేదు మేడం. వేయనిది ఎలా తీయిస్తాను?"

"నువ్వు వేయించావు. ఆ పిల్లకు తనలో ఏదో ఉందనిపించావు. చాలు, ఈ నాటకం ఇక్కడితో ఆపు."

మరిది కళ్ళు తెరిచాడు. "వదినా, కోపం వద్దు. కోపంలో ఏదీ సరిగ్గా కనబడదని మీరే రాశారు."

"రాశాను మరిదిగారూ. నేను చాలా రాశాను. మనసు గురించి రాశాను. ఫ్రిజ్‌ని రోడ్డు మీద పెట్టమని ఎక్కడైనా రాశానా?"

కళ్ళజోళ్ళాయన నవ్వాడు. ఎగతాళి లేదు ఆ నవ్వులో, ఇష్టమే ఉంది. అదే పెద్దమ్మకు కంపరం పుట్టించింది. "మేడం, బయటి నియమం లోపలిదానికి గుర్తు అని మీరే మాకు చూపించారు. ఇల్లు అంటే మనసు. బాగుంది. విన్నవాళ్ళంతా ఆహా అని ఇళ్ళకు పోయారు. ఎవరి మనసైనా ఖాళీ అయిందా? కాలేదు. ఎందుకంటే మాట మాటగానే ఉండిపోయింది. నేను ఏం చేశాను? వెళ్ళిన దారినే వెనక్కి వచ్చాను. ఇల్లు మనసైతే మనసు కూడా ఇల్లే కదా. లోపల ఖాళీ చేయలేనివాడి చేత బయట ఖాళీ చేయించాను. లోపల తలుపు వేసుకోలేనివాడి చేత బయట వేయించాను. పని జరిగింది. మీ మరిదిగారిని అడగండి."

"మరి మచ్చ? లోపలి మచ్చని ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను."

ఎంత మెత్తగా, ఎంత మామూలుగా ఆ ముక్క అన్నాడంటే, టైము ఎంతైందని అడిగితే చెప్పినట్టు ఉంది. ఎవరి కంటికి ఏ అద్దం పడుతుందో చూసి చూసి, ఇతనికి మనుషుల్లోకి చూసే హక్కు కూడా వచ్చేసిందన్నమాట. పెద్దమ్మ మరిది వైపు చూసింది. ఆయన తల ఊపుతున్నాడు. ఇక బతిమాలి లాభం లేదని ఆవిడకు తెలిసిపోయింది. వీళ్ళకు బుద్ధి చెప్పగలిగింది ఆ గ్రంథం ఒక్కటే. దాన్ని ఆ ఇద్దరికంటే ఎక్కువ చదివింది తను.

"సరే, నియమాల ప్రకారమే పోదాం. మచ్చ ఎలా ఉండాలో గ్రంథం ఏం చెప్పింది?"

"పాకేదిగా ఉండాలి."

"అంతకు ముందు? మచ్చ కంటికి కనబడాలి అంది. పగటి వెలుతురులో కనబడాలి. మబ్బు పట్టిన రోజు చూడకూడదు. చూసేవాడికి ఆ ఇంటివాళ్ళతో తగాదా ఉంటే చూడకూడదు. చావు జరిగిన ఇంట్లో చూడకూడదు, పెళ్ళి జరుగుతున్న ఇంట్లో చూడకూడదు. ఎవడి మచ్చ వాడు చూసుకుని తీర్పు చెప్పుకోకూడదు. ఇంత కట్టుదిట్టం ఎందుకు పెట్టారు? తలుపు మూయడం మాటలు కాదు గనక. మనిషిని లోపల పెట్టి మూసే అధికారం ఎవడి చేతికీ తేలిగ్గా దొరక్కూడదని."

"ఆ పేజీ మీ పుస్తకంలో లేదు మేడం."

"లేదు. అందులో నాకు ఏ ప్రతీకా దొరకలేదు. వట్టి జాగ్రత్తలు కదా అని వదిలేశాను. ఇప్పుడు తెలుస్తోంది, ఆ జాగ్రత్తలే అసలు ధర్మం. మిగతాదంతా నేను అల్లిన కవిత్వం." పెద్దమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "లోపలి మచ్చ అన్నావంటే ఇక అది లేదని ఎవరు రుజువు చేయగలరు? గోడ మీదిదైతే తుడిస్తే పోయిందో లేదో పిల్లాడు కూడా చెబుతాడు. నువ్వు చూసేది పోయిందని చెప్పాల్సింది మళ్ళీ నువ్వే. అలాంటి మచ్చకు ఆ గ్రంథంలో చోటు లేదు."

మరిది ఇబ్బందిగా కదిలాడు. "కానీ వదినా, తనే ఉందంది కదా. తనే తలుపు వేసుకుంది."

"ఎవడి మచ్చ వాడు చూసుకోకూడదని ఇప్పుడే చెప్పాను. తనలో ఉందని తనే అంటే చెల్లదు. కంటికి కనబడిన మచ్చ లేకుండా వేసిన తలుపు, వేసినట్టే కాదు."

పెద్దమ్మకు గెలిచానన్న సంగతి ఒంటికి తెలిసింది. ఎన్నో ఏళ్ళు క్లాసులో ఆఖరి మాట తనదే అయిన మనిషి.

కళ్ళజోళ్ళాయన తుడుస్తున్న అద్దాలు పెట్టెలో పెట్టి మూత వేశాడు. "ఇంకోసారి చెప్పండి మేడం. మీ మరిదిగారు వినాలి. అంటే ఈ తలుపు చెల్లదంటారు."

"చెల్లదు."

"అంటే ఇది మూసిన గది కాదు."

"కాదు."

"మామూలు గదే. మూసిన గుమ్మం రెండో చూపుకు ముందు ఎవరూ దాటకూడదన్న నియమం దీనికి వర్తించదు."

"ఎలా వర్తిస్తుంది? మామూలు గదే. ఎవరైనా వెళ్ళొచ్చు, రావచ్చు."

"విన్నారా?" అన్నాడు మరిదితో. "పొద్దుటి నుంచీ నేను ఇదే ఆలోచిస్తున్నాను. నా అంతట నేను అనలేకపోయాను. మేడం చెప్పాక ఇంకేముంది! గడియ లోపల ఉంది గాని మడతబందులు ఇటువైపే ఉన్నాయి. స్క్రూడ్రైవర్ తెచ్చుకోండి. సాయంత్రం మండలి వాళ్ళు వచ్చేలోగా అమ్మాయితో నేనొక్కడినే కాసేపు మాట్లాడతాను."

మరిది వీధిలోకి వెళ్ళాడు. కళ్ళజోళ్ళాయన, ఎవరి గదిలోకి వెళ్ళే ముందైనా కాళ్ళూ చేతులూ కడుక్కోవడం మండలి అలవాటు గనక, పెరట్లోకి వెళ్ళాడు. నీళ్ళు పడుతున్న చప్పుడు మొదలైంది.

అప్పుడు తలుపు కింద సందులోంచి గొంతు వినిపించింది.

"ఎంత పని చేశావు పెద్దమ్మా!"

పెద్దమ్మ గబుక్కున నేల మీద కూలబడి చెవి ఆనించింది. "పిచ్చుకా! భయపడకమ్మా, తీసేస్తున్నారు."

"తీయకూడదు! ఆయన రాకుండా ఉండాలనే వేసుకున్నా. మచ్చా లేదు, మట్టీ లేదు. మూసిన గుమ్మం రెండో చూపు దాకా ఎవరూ దాటకూడదు కదా. నాన్న ఎదురుగా ఆయన ఆ నియమం దాటలేడు. దాటితే ఆయన మాట ఇంకెవరూ వినరు. రెండో చూపు అందరి ముందూ జరగాలి. అందరూ వచ్చాక తలుపు తీసి మొత్తం చెప్పేద్దామనుకున్నా. ఇక్కడి దాకా లాక్కొచ్చా పెద్దమ్మా. ఇంకొక్క సాయంత్రం."

గోడలో, గిన్నెలో, మూతలో, దేనిలోనైనా లోతైన అర్థం లాగగలిగిన మనిషి పెద్దమ్మ. ఆడపిల్ల గడియ పెట్టుకుందంటే బయట ఉన్నవాడంటే భయపడి పెట్టుకుందన్న చిన్న సంగతి ఆవిడ తలకు తట్టలేదు. మూసిన తలుపు మూసిన తలుపేనని తోచలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏం చెబుదామనుకున్నావు?"

"ఊరి బయటింటికి వెళ్ళొచ్చాను. ఎవరికీ చెప్పకుండా, డ్యూటీ మధ్యలో. గదులున్నాయి. మంచాలు వేసి ఉన్నాయి. నర్సమ్మగారి చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. మనుషులే లేరు." గొంతు ఇంకా తగ్గించింది. "వెనక రాళ్ళు పేర్చి ఉన్నాయి పెద్దమ్మా. మంచమంత పొడుగున."

"రాళ్ళ కుప్పా?"

"ఒకటి కాదు."

నీళ్ళ చప్పుడు ఇంకా వస్తోంది. పెద్దమ్మ గోడ పట్టుకుని లేచింది. ఎదురుగా చెల్లెలు. చేతిలో స్క్రూడ్రైవర్.

"ఆయన పనిముట్ల పెట్టె ఎక్కడ పెట్టారో వెతుక్కుంటున్నారు. నా కుట్టు మిషను సొరుగులో ఇదొకటి ఉంది, చటుక్కున గుర్తొచ్చింది" అంది చెల్లెలు. ఆ మొహంలో ఎన్నాళ్ళకో కాస్త వెలుగు. "నువ్వే తేల్చావటగా, మామూలు గదేనని. రావద్దన్నాను గాని, నువ్వు రావడమే మంచిదైంది. నువ్వు చెప్పాక నాకిక బెంగ లేదక్కా."

"అది నా చేతికివ్వు. విను. పిచ్చుక ఆ ఇల్లు చూసొచ్చింది. అక్కడ ఎవరూ లేరంటోంది. నర్సమ్మ లేదు. వెనక రాళ్ళున్నాయంటోంది. అర్థమవుతోందా నీకు?"

చెల్లెలి మొహంలో వెలుగు పోలేదు. అదే భయంకరం. "అలాగే అంటుందని కళ్ళజోళ్ళాయన ముందే చెప్పారు. తలుపు దగ్గరకు ఎవరైనా వస్తే మచ్చే మాట్లాడుతుందన్నారు. లేనివాళ్ళని ఉన్నారంటుంది, ఉన్నవాళ్ళని లేరంటుంది. కూతురి గొంతులా ఉంటుంది, నమ్మొద్దన్నారు." కళ్ళు నిండాయి. "కన్నదాన్ని, నేనే గుండె రాయి చేసుకున్నా. నువ్వు కరిగిపోతావేంటక్కా?"

తలుపు అవతల పిచ్చుక "అమ్మా" అంది. చెల్లెలు రెండు చేతులతో చెవులు మూసుకుంది. స్క్రూడ్రైవర్ కొన చెంపకు ఆనుకుని ఉన్న సంగతి కూడా తెలియలేదు ఆవిడకు.

పెరట్లో నీళ్ళు ఆగాయి. వీధి వైపు నుంచి మరిది, అటు నుంచి కళ్ళజోళ్ళాయన, ఇద్దరూ ఒక్కసారే వచ్చారు. కళ్ళజోళ్ళాయన తడి చేతులు గుడ్డతో తుడుచుకుంటూ చెల్లెలి చేతిలోది అందుకుని మరిదికి ఇచ్చాడు. మరిది తలుపు ముందు కూర్చుని కింది మడతబందు దగ్గర స్క్రూడ్రైవర్ ఆనించాడు. తుప్పు పట్టిన మర కీచుమంది.

వీళ్ళతో పోట్లాడితే ముగ్గురూ కలిసి తనను పక్కకు లాగేస్తారు. వీధిలోకి వెళ్ళి కేకలు పెడితే జనం పోగయ్యేలోగా ఈ తలుపు ఊడుతుంది. పోలీసులకు ఫోన్ చేసినా వాళ్ళు వచ్చేసరికి మాటలు చెప్పడానికి ఇక్కడ ముగ్గురున్నారు. ఈ ఇంట్లో చెల్లుబాటయ్యేది ఒక్కటే, ఆ గ్రంథం. దాంట్లో తన మాట ఒక్కటే.

"ఆగండి" అంది పెద్దమ్మ. "నేను తప్పు చెప్పాను."

మరిది చెయ్యి ఆగింది.

"మచ్చ కంటికి కనబడకపోతే తలుపు చెల్లదన్నాను. అది నిజమే. కానీ మచ్చ కంటికి కనబడింది." మరిది వైపు తిరిగింది. "నేను చూశాను. మొన్న పిచ్చుక మా ఇంటికి వచ్చినప్పుడు, పగటి వెలుతురులో, నా కళ్ళతో చూశాను. దాని మీద ప్రేమ కొద్దీ ఇందాక దాచాను. ఈ తలుపు చెల్లుతుంది. రెండో చూపు దాకా ఎవరూ తీయకూడదు."

జీవితంలో ఒక్క వాక్యం కూడా మూలం చూడకుండా రాయని మనిషి, చెల్లెలి కూతురి మీద పచ్చి అబద్ధం చెప్పేసింది. చెల్లెలు గోడకు ఆనుకుని జారి కూర్చుండిపోయింది. మరిది స్క్రూడ్రైవర్ నేల మీద పెట్టేశాడు. ఒక సాయంత్రం దొరికింది, చాలు, అందరూ రానీ అనుకుంది పెద్దమ్మ.

కళ్ళజోళ్ళాయన ఆవిడ వైపు చాలాసేపు చూశాడు. అద్దం మార్చి మార్చి, ఇప్పుడు కనబడుతోందా అని అడిగేటప్పుడు చూసే చూపు అది.

"నేను ఇన్నాళ్ళూ వెతికి పట్టుకోలేనిది మీకు కనబడింది. సంతోషం మేడం" అన్నాడు. "అయితే ఒక శ్రమ తప్పింది. తన మచ్చ తానే చెప్పుకుంటే రెండో చూపుకు సభ కావాలి. చూసిన సాక్షి ఉంటే సభ అక్కర్లేదు. మండలి వాళ్ళకు ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తాను. పొద్దుగుంకాక మనమే చాలు."

తలుపు వెనక ఏదో నేలకు తగిలిన చప్పుడైంది. పిచ్చుక కూర్చుందో, పడిందో తెలియలేదు.

"ఇంకొకటి" అన్నాడతను, చెప్పులు వేసుకోవడానికి గుమ్మం వైపు నడుస్తూ. "మచ్చ చూశానని నోరు విప్పినవాళ్ళు రెండో చూపు దాకా ఆ ఇంటి కప్పు కింద నుంచి కదలకూడదు. చూసినవాడు చూసినదాన్ని వదిలి పారిపోకూడదని దానికి అర్థం ఎంత బాగా రాశారు మీరు! ఆ పేజీ నాకు కంఠతా వచ్చు."

పెద్దమ్మ చెల్లెలి వైపు చెయ్యి చాచింది. "నువ్వు ఇక్కడే ఉండవే. నా దగ్గర ఉండు."

చెల్లెలు లేచింది. చెంగుతో మొహం తుడుచుకుంది. అక్క చేతిని ఒకసారి గట్టిగా పట్టుకుంది, వదిలేసింది. మొగుడి వెనకే, అందరికంటే ఆఖరున నడిచి వెళ్ళింది. ఖాళీ ఇంట్లో ముగ్గురి అడుగులూ ముందు గది దాటాయి. వీధి తలుపు దగ్గరగా పడింది. గాజుల గలగలతో పాటు బయట గడియ పెట్టిన చప్పుడు ఇల్లంతా వినిపించింది.

కాసేపటికి వెనక గది తలుపు బెత్తెడు తెరుచుకుంది. సందులోంచి పిచ్చుక మొహం కనబడింది.

"పెద్దమ్మా, బయట గడియ పెట్టిందెవరు?"

"మీ అమ్మ" అంది పెద్దమ్మ.